స్పిటింగ్ ఇమేజ్ డీవీడీలు: హాకిమ్‌ని చూసి నవ్వడానికీ ఒక అదబ్ ఉంది



బొమ్మలాట అనగానే మన ఇళ్లలో పిల్లల్ని పిలుస్తారు. టీవీలో కఠ్‌పుత్లీ కనబడితే చాలు, రిమోట్ పిల్లల చేతికిచ్చేసి అమ్మీ వంటింట్లోకి, అబ్బా అఖ్బార్‌లోకి వెళ్లిపోతారు. ఈ ఆదత్ ఉన్నవాళ్లకు ముందే ఖబర్దార్ చెబుతున్నా. ఇవాళ నేను రాయబోయే డీవీడీల మీద బొమ్మలే ఉంటాయి, లోపల కూడా బొమ్మలే ఆడతాయి. కానీ ఇది పెద్దవాళ్ల తమాషా. బూతు ఉంది, తాగుడు ఉంది, పడకగది మజాఖ్ ఉంది. చిన్నపిల్లలకు పెట్టి పక్కకు పోయే సరుకు కాదు. మరి ఇలాంటి దాని గురించి మన ఘరానా మనుషులు చదివే చోట ఎందుకు రాస్తున్నావని అడుగుతారు కదా? ఆ సవాల్‌కి జవాబే ఈ వ్యాసం.

దీని పేరు 'స్పిటింగ్ ఇమేజ్'. ఇంగ్లీషులో ఈ మాటకు అచ్చుగుద్దినట్టున్న పోలిక అని మతలబ్. 'స్పిట్' అంటే ఉమ్మడం కూడా కాబట్టి పేరులోనే కాస్త గుస్తాఖీ దాక్కుని ఉంది. 1984 ఫిబ్రవరి 26న బ్రిటన్‌లో ఐటీవీలో మొదలై 1996 ఫిబ్రవరి దాకా నడిచింది. ఆదివారం రాత్రి బాగా పొద్దుపోయాక వేసేవారు. ప్రధానమంత్రి, వజీర్లు, రాణి, ఆమె ఖాందాన్ మొత్తం, అమెరికా సదర్, పోప్, పాటగాళ్లు, ఆటగాళ్లు, టీవీలో వార్తలు చదివేవాళ్లు... ఎవరినీ వదల్లేదు. పేరున్న ప్రతి మనిషికీ ఒక రబ్బరు సూరత్ తయారయ్యేది. కొన్నాళ్లకు అక్కడ పెద్దమనుషులకు తమ బొమ్మ రావడం ఒక ఫికర్, రాకపోవడం ఇంకో ఫికర్ అయింది.

దీన్ని తయారుచేసిన ఇద్దరు కారీగర్లు పీటర్ ఫ్లక్, రోజర్ లా. కేంబ్రిడ్జిలో ఆర్ట్ స్కూల్ దోస్తులు. అంతకుముందు నాయకుల ముఖాలను మెత్తటి మట్టితో వెక్కిరింతగా మలిచి, వాటి ఫోటోలు పత్రికలకు ఇచ్చేవారు. ఈ మట్టి ముఖాలు కదిలితే ఎలా ఉంటుందన్న ఖయాల్ మార్టిన్ లాంబీ నైర్న్ అనే డిజైనర్‌ది. ఆయన ఈ ఇద్దరికీ భోజనం పెట్టించి మాట కదిపాడు. అందుకే ప్రోగ్రామ్ టైటిల్స్‌లో ఆయన పేరు పక్కన 'ఒక లంచ్ ఆధారంగా' అన్నట్టు మజాఖ్‌గా వేసేవారు. ప్రొడ్యూసర్ జాన్ లాయిడ్, అప్పటికే టీవీ కామెడీలో చెయ్యి తిరిగినవాడు.

పని ఎలా జరిగేదో తెలిస్తే ఆ బొమ్మల మీద ఇజ్జత్ పెరుగుతుంది. ముందు కాగితం మీద గీస్తారు. ఆ గీతను బట్టి మట్టి తల. మట్టి తల మీద అచ్చు. ఆ అచ్చులో నురగ రబ్బరు పోసి, కాల్చి, రంగులు వేసి, విగ్గు పెట్టి, దర్జీతో చిన్న చిన్న సూట్లు కుట్టించి నిలబెడతారు. బొమ్మలోపల ఒకరి చెయ్యి నోటిని ఆడిస్తుంది. రెండో చెయ్యి కావాలంటే పక్కనే ఇంకొకరు ఇరుక్కుని నిలబడాలి. గొంతు మాత్రం వేరేవాళ్లది. మార్గరెట్ థాచర్ గొంతు స్టీవ్ నాలన్ అనే మగమనిషిది. అంటే తెర మీద కనిపించే ఒక్క థాచర్ వెనక కనీసం ముగ్గురు నలుగురి మెహనత్ ఉంది. పైగా స్క్రిప్టు ఆ వారం ఖబర్లను బట్టి మారిపోయేది. శనివారం దాకా రాస్తూ, ఆదివారం చూపించడం. మన అఖ్బార్లలో కార్టూనిస్టు ఒక్కడు చేసే పనిని ఇక్కడ ఒక కార్ఖానా చేసింది. ఆ కార్ఖానా లండన్ తూర్పువైపు రేవు గోదాముల్లో ఉండేది. షూటింగ్ బర్మింగ్‌హామ్‌లో జరిగేది.

ఇక డీవీడీల సంగతి. వీహెచ్ఎస్ జమానాలో ఏరి కూర్చిన టేపులు వచ్చాయి. అంటే పేరుపొందిన ముక్కలన్నీ ఒకచోట. యూట్యూబ్‌లో ఇప్పుడు దొరికేవి కూడా అలాంటి ముక్కలే. 2008లో నెట్‌వర్క్ అనే బ్రిటిష్ కంపెనీ మొదటి సిరీస్‌ని పూర్తిగా, 12 ఎపిసోడ్లనూ వరసగా డీవీడీ మీద తెచ్చింది. ఆ తర్వాతి సిరీస్‌లు కూడా వేసుకుంటూ పోయింది. పాత బ్రిటిష్ టీవీని దుమ్ము దులిపి బయటికి తేవడమే ఆ కంపెనీ పని. 2023లో అది మూతపడింది. ఇప్పుడు ఈ డిస్కులు కావాలంటే పాత సామాన్ల బజారే దిక్కు. కొనేవాళ్లకు ఇంకో మాట. ఇవి బ్రిటన్ డిస్కులు, రీజియన్ 2. మన హిందుస్తాన్ ప్లేయర్లు రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే డబ్బులు దండగ.

నాకు ఇవి బర్మింగ్‌హామ్‌లో ఉండే మా భాంజా తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ, "మామూ, సగం మందెవరో నాకే తెలియదు. నీకేం అర్థమవుతుంది?" అన్నాడు. వాడి మాట నిజమే. నలభై ఏళ్ల నాటి వజీర్ల పేర్లు వాళ్ల సొంత ముల్క్‌లో పుట్టినవాళ్లకే గుర్తులేవు. నార్మన్ టెబిట్ ఎవరో, జెఫ్రీ హౌ ఎవరో, నీల్ కినక్ ఎవరో తెలియకుండా చూస్తే ముఖాలు మాత్రం మిగులుతాయి, మతలబ్ మిగలదు. అందుకే పూర్తి ఎపిసోడ్లు చూడమంటాను. ముక్కలు చూస్తే నవ్వొస్తుంది. వరసగా చూస్తే ఆ జమానా కనిపిస్తుంది. మొదటి సిరీస్ నడుస్తుండగానే, 1984 మార్చిలో, బ్రిటన్ బొగ్గు గనుల మజ్దూర్లు హడ్తాల్ మొదలుపెట్టారు. ఏడాదిపాటు సాగి వాళ్లు ఓడిపోయారు. కార్ఖానాలు మూతపడుతున్నాయి. బ్రాడ్‌ఫర్డ్‌లోనూ లాంకషైర్‌లోనూ బట్టల మిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేసిన మన ఉపఖండం మజ్దూర్ల రోజీ కూడా ఆ ఏళ్లలోనే పోయింది. ఆ నేపథ్యంలో పెట్టి చూస్తే ఈ రబ్బరు తమాషా వెనక ఉన్న గుస్సా అర్థమవుతుంది.

అన్నిటికంటే బాగా పేలినది థాచర్ బొమ్మే. ఆమెకు మగవాళ్ల సూటు తొడిగారు, నోట్లో చుట్ట పెట్టారు. పక్కింట్లో ముసలి హిట్లర్ మారుపేరుతో కాపురం ఉంటాడు. ఈమె గోడ దగ్గర నిలబడి ఆయన సలహాలు అడుగుతుంది. అందరికీ యాద్ ఉన్న సీను హోటల్‌ది. థాచర్ తన వజీర్లతో భోజనానికి వస్తుంది. తనకు మాంసం ఆర్డర్ ఇస్తుంది. మరి కూరగాయల సంగతేమిటని వడ్డించే ఆమె అడిగితే, చుట్టూ కూర్చున్న వజీర్లను చూపించి, వాళ్లకూ అదే తెమ్మంటుంది. అర నిమిషం సీను. ఒక హుకూమత్‌లో వజీర్లు ఎలా ఉంటారో, ఒక్క మనిషి చుట్టూ మిగతావాళ్లు ఎలా సబ్జీలుగా మారిపోతారో చెప్పడానికి పెద్ద సంపాదకీయం అవసరం లేదని ఇది చూస్తే తెలుస్తుంది. ఈ సీను ఏ దేశంలో వేసినా అక్కడివాళ్లు తమ హాకిమ్ పేరు చెప్పుకుని నవ్వుకుంటారు.

కానీ ఇక్కడే నాకు ఒక షక్. ఈ నవ్వు థాచర్‌ను ఏం చేసింది? 1987 ఎన్నికల్లో ఆమె పార్టీ 376 సీట్లు గెలిచి మూడోసారి గద్దె ఎక్కింది. ఆ రాత్రే ఈ ప్రోగ్రామ్ వాళ్లు ఎలక్షన్ స్పెషల్ వేశారు. నాజీ జమానా మీద వచ్చిన ఒక సినిమా పాట ధోరణిలో ఆమె హుకూమత్‌ని చూపించి ముగించారు. ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయినా ఓట్లు పడిపోయాయి, లెక్క అయిపోయింది. మగ సూటు, చుట్ట, అరుపు, వజీర్ల వెన్నులో వణుకు... ఇవన్నీ ఆమెను తక్కువ చేశాయా? నాకైతే ఎక్కువ చేశాయనే అనిపిస్తుంది. జనం మెదడులో ఆమె అందరికంటే తాకత్ ఉన్న మనిషిగా నాటుకుంది. జాలిమ్‌ని జాలిమ్‌గా చూపిస్తే కొన్నిసార్లు జాలిమ్‌కే ఫాయిదా.

దెబ్బ ఎవరికి తగిలిందో తెలుసా? డేవిడ్ స్టీల్‌కి. లిబరల్ పార్టీ నాయకుడు. డేవిడ్ ఓవెన్ పార్టీతో కలిసి కూటమి కట్టాడు. ఈ బొమ్మల్లో స్టీల్‌ని జేబులో పట్టేంత మనిషిగా చేసి, ఓవెన్ కోటు జేబులో పెట్టారు. వారం వారం ఆ జేబులోంచి తల బయటపెట్టి సన్నటి గొంతుతో మాట్లాడేవాడు. ఆ తర్వాత ఆయన నిజంగా మాట్లాడినా జనానికి ఆ జేబే కనిపించేది. ఈ బొమ్మ తన పేరును దెబ్బతీసిందని స్టీల్ తానే చెప్పుకున్నాడు. గద్దె మీద ఉన్న మనిషి ఈ తంజ్‌ని తట్టుకుంది. గద్దెకు దూరంగా ఉన్నవాడు నలిగిపోయాడు. తంజ్ రాసేవాళ్లు, గీసేవాళ్లు, మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ మీమ్స్ పంపేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. మనం విసిరే రాయి ఎవరి వైపు విసిరామన్నది ఒకటి, ఎవరి నెత్తిన పడిందన్నది ఇంకొకటి.

ఇంకో కిస్సా. మొదటి ఎపిసోడ్‌లో రాజ కుటుంబం బొమ్మలు పెట్టాలనుకుని తీసేశారు. ఆ ఛానల్ కొత్త స్టూడియోని రాణిగారి భర్త ఫిలిప్ వచ్చి ప్రారంభించాల్సి ఉంది. మెహమాన్ వస్తున్నప్పుడు ఆయన ఇంటివాళ్లనే వెక్కిరిస్తే ఎలా అని లిహాజ్ చూపించారు. తర్వాతి ఎపిసోడ్ల నుంచి రాణి, రాజకుమారులు, చేతిలో జిన్ సీసాతో రాణిగారి తల్లి, అందరూ దిగారు. ఎవరినీ లెక్కచేయమని చెప్పుకున్న తమాషాకు కూడా ఒక వారం చూసీచూడనట్టు పోవాల్సి వచ్చిందన్నమాట. బెధడక్ తంజ్ అన్నది పూర్తిగా ఎక్కడా ఉండదు. ఎవరో ఒకరి గడప దగ్గర అది చెప్పులు విడుస్తుంది.

ఇప్పుడు నాకు కష్టంగా అనిపించిన భాగం. తమ ముల్క్ నాయకులను వెక్కిరించేటప్పుడు ఈ రచయితలకు ప్రతి మనిషిలో తేడా తెలుసు. ఒకడు డరపోక్, ఒకడు చాపలూస్, ఒకడు రౌడీ. టెబిట్‌కి తోలు జాకెట్ తొడిగి గూండాలా చూపించారంటే అతని రాజకీయం మీద అది ఒక బయాన్. అదే బయటి ముల్కుల వాళ్లు వచ్చేసరికి ఈ బారీకీ పోతుంది. రీగన్‌కి మాత్రం కాస్త శ్రమ పడ్డారు. ఆయన మెదడు తప్పిపోయిందని ఒక సీరియల్లా సాగదీసి నడిపారు, అది మంచి నవ్వు. ఖొమైనీ, గద్దాఫీ బొమ్మలు చూడండి. కళ్లు ఉరిమి చూడటం, అరవడం, గడ్డం, తలపాగా. ఇక్కడ నవ్వు వాళ్లు చేసిన పని మీద కాదు, వాళ్ల సూరత్ మీద, లిబాస్ మీద. జెనెసిస్ బ్యాండ్ 1986లో 'ల్యాండ్ ఆఫ్ కన్‌ఫ్యూజన్' పాట వీడియోకి ఇవే బొమ్మలు వాడుకుంది. దానికి గ్రామీ అవార్డు కూడా వచ్చింది. అందులో రీగన్‌కి పీడకల వస్తుంది. ఆ కలలో కనిపించే భయంకర ముఖాల వరసలో ముస్సోలినీ పక్కన ఖొమైనీ, గద్దాఫీ.

ఆ ఇద్దరినీ నేను వెనకేసుకు రావడం లేదు. వాళ్ల హుకూమత్‌లలో ఎంతమంది ఖైదులో మగ్గారో తారీఖ్‌లో ఉంది. హాకిమ్ ఎవరైనా తంజ్‌కి పాత్రుడే, మన మజ్హబ్ వాడైతే మినహాయింపు ఏమీ లేదు. నా షికాయత్ వేరు. థాచర్‌ని చూసి నవ్విన మనిషి మర్నాడు బజారులో సూటు వేసుకున్న ప్రతి ఆడమనిషినీ చూసి నవ్వడు. గద్దాఫీ బొమ్మని చూసి నవ్విన మనిషికి మర్నాడు బర్మింగ్‌హామ్ బస్సులో గడ్డంతో కనిపించే అబ్దుల్ చాచా కూడా అదే బొమ్మలా కనిపిస్తాడు. ఒక ముఖం ఒక్క మనిషిది. ఇంకో ముఖం ఒక పూరా ఖౌమ్‌ది అయిపోతుంది. ఆ భారం మోసేది హాకిమ్ కాదు, బస్సు కోసం నిలబడ్డ చాచా.

ఈ దర్ద్ మనకు కొత్తదేం కాదు. తెలుగు సినిమాల్లో, టీవీ స్కిట్లలో సాయిబు పాత్ర ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. నెత్తి మీద టోపీ, మెడలో గళ్ల రుమాలు, ఆడ మగ తేడా లేని క్రియలు, 'నేను వస్తుంది, నువ్వు పోతుంది' అనే తెలుగు. గుంటూరులో, కర్నూలులో, ఒంగోలులో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, తెలుగులో కవిత్వం రాసే ముసల్మాన్లు ఎంతమంది! వాళ్లెవరూ ఆ పాత్రలో కనిపించరు. క్లాసులో కూర్చున్న మన పిల్లవాణ్ణి పక్కవాడు అదే యాసతో పిలిస్తే, ఆ పిల్లవాడు నవ్వినట్టు నటిస్తాడు. ఇంటికొచ్చి చెప్పడు. స్పిటింగ్ ఇమేజ్ చూస్తున్నంతసేపూ నాకు ఈ రెండూ పక్కపక్కనే కనిపించాయి. పైనున్న వాడి మీద వేసే తంజ్‌కీ, కింద ఉన్నవాడి యాస మీద వేసే మజాఖ్‌కీ మధ్య జమీన్ ఆస్మాన్ ఫరక్. మొదటిదానికి హిమ్మత్ కావాలి. రెండోదానికి ఏమీ అక్కర్లేదు.

ఈ ప్రోగ్రామే ఈ గీతకు రెండువైపులా కాలు పెట్టింది. దక్షిణాఫ్రికా తెల్లవాళ్ల మీద ఒక పాట కట్టారు. మంచి దక్షిణాఫ్రికా వాడు ఒక్కడూ నాకు తగల్లేదని దాని సారాంశం. 1986లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కిన వీళ్ల 'చికెన్ సాంగ్' రికార్డుకు వెనకవైపు అదే ఉంది. ఒక ముల్క్ ముల్క్‌నంతా తిట్టినట్టు పైకి కనిపిస్తుంది. అయితే అప్పుడు అక్కడ అపార్థైడ్ నడుస్తోంది, మండేలా జైల్లో ఉన్నాడు, థాచర్ హుకూమత్ ఆ దేశం మీద గట్టి ఆంక్షలకు ఒప్పుకోవడం లేదు. ఆ పాట దెబ్బ తాకత్ ఉన్నవాడి మీదే పడింది. అందుకే అది ఇవాళ విన్నా పులిసిపోలేదు. ఊరికే గడ్డం చూసి నవ్వించిన ముక్కలు మాత్రం పులిసిపోయాయి.

కొందరు అంటారు, ఇదంతా ఫిరంగీల బేఅదబీ, మన తహజీబ్‌లో ఇలాంటివి లేవని. గలత్. పదమూడో శతాబ్దంలో మోసుల్‌లో పుట్టి కాహిరాకి వచ్చి కళ్ల వైద్యం చేసిన ఇబ్న్ దానియాల్ అనే ఆయన నీడబొమ్మల నాటకాలు రాశాడు. మూడు మనదాకా మిగిలాయి. సుల్తాన్ బైబర్స్ షహర్‌లో తాగుడు అడ్డాలు మూయిస్తున్న రోజులవి. ఇబ్న్ దానియాల్ దాని మీద కూడా తంజ్ వేశాడు. ఆ నాటకాల్లో బూతు స్పిటింగ్ ఇమేజ్‌కి ఏమాత్రం తీసిపోదు. ఉస్మానియా తుర్కీలో రమజాన్ రాత్రుల్లో తరావీ అయ్యాక కాఫీ దుకాణాల్లో కరగోజ్ నీడబొమ్మల ఆట నడిచేది. చదువురాని కరగోజ్, చదువుకున్న హాజీవత్, ఇద్దరి మాటల కుస్తీ. మన తెలుగు నేల మీద తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి చెప్పే మాటలు ఇంట్లో అందరి ముందూ చెప్పుకునేవా? అయినా ఊరు ఊరంతా తెల్లవార్లూ కూర్చుని నవ్వింది. ఊరి పెద్దకు చురక తగిలినా బొమ్మ మీద కోపగించుకుంటే నవ్వులపాలవుతానని ఆయనా నవ్వేవాడు.

ఉర్దూ తంజ్‌కైతే ఈ బ్రిటిష్ వెక్కిరింతతో సీదా రిష్తా ఉంది. లండన్ 'పంచ్' పత్రికను చూసి 1877లో లఖ్‌నవూలో మున్షీ సజ్జాద్ హుసేన్ 'అవధ్ పంచ్' పెట్టాడు. ఫిరంగీల హుకూమత్ మీద ఫిరంగీల హత్యార్ తోనే తంజ్. మన హైదరాబాద్‌లో జిందా దిలాన్ మెహఫిళ్లు, 'షగూఫా' రిసాలా, ముజ్తబా హుసేన్ సాహెబ్ ఖాకాలు అదే సిల్‌సిలా. ముజ్తబా సాహెబ్ ఎక్కువగా తన మీద తానే నవ్వుకునేవారు. అది అన్నిటికంటే కష్టమైన తంజ్. సరిహద్దు అవతల పాకిస్తాన్ టీవీలో 1976 నుంచి ఫారూఖ్ ఖైసర్ 'కలియాఁ' ప్రోగ్రామ్‌లో అంకుల్ సర్గమ్, మాసీ ముసీబతే అనే బొమ్మలు ఆడించాడు. పిల్లల ప్రోగ్రామ్ అన్నారు, చురకలు పెద్దవాళ్లకు. ఫౌజీ హుకూమత్ వచ్చాక మనిషి నోటితో చెప్పలేని మాటలు బొమ్మ నోటితో దొర్లిపోయేవి.

బొమ్మకు ఉన్న ఆ సహూలియత్ ఎక్కడైనా ఒకటే. సిరియాలో 2011లో ఉద్యమం మొదలైనప్పుడు కొందరు నౌజవాన్లు బషార్ అల్ అసద్‌ని వేలికి తొడుక్కునే బొమ్మగా చేసి 'టాప్ గూన్' పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. వేలి బొమ్మలు ఎందుకంటే చెక్‌పోస్టుల దగ్గర దాచడం ఆసాన్. ఆడించేవాళ్ల ముఖాలు కనిపించవు, పేర్లు ఉండవు. రష్యాలో స్పిటింగ్ ఇమేజ్ తరహాలోనే 1994 నుంచి 'కుక్లీ' నడిచింది. పుతిన్ వచ్చాక ఆయన్ని వికారపు మరుగుజ్జుగా చూపించారు. 2001లో ఆ ఛానల్ యాజమాన్యం సర్కారీ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ చేతికి పోయింది. 2002లో ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఈ రెండు కిస్సాల పక్కన పెట్టి చూస్తే లండన్ బొమ్మల మీద నా ఫిర్యాదులు చిన్నవిగా కనిపిస్తాయి. అక్కడ థాచర్ ఎంత గట్టి మనిషైనా బొమ్మలు ఆడించేవాళ్లు రాత్రి ఇంటికి వెళ్లి నిద్రపోయారు. తంజ్ హాకిమ్‌ని దింపలేకపోవచ్చు. కానీ ఒక ముల్క్‌లో తంజ్ వేసినవాడు నిద్రపోతున్నాడా లేదా అన్నది ఆ ముల్క్ హాల్‌చాల్ చెబుతుంది. మన దగ్గర ఇవాళ స్టేజీ మీద జోక్ చెప్పిన కమెడియన్లు కోర్టుల చుట్టూ తిరుగుతున్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

2020లో స్పిటింగ్ ఇమేజ్‌ని బ్రిట్‌బాక్స్ అనే స్ట్రీమింగ్‌లో మళ్లీ తెచ్చారు. ట్రంప్, జాన్సన్, కొత్త ముఖాలు. రెండు సిరీస్‌లతో ఆగిపోయింది. నా ఉద్దేశంలో కారణం సీదా. థాచర్‌కి బొమ్మ కావాల్సి వచ్చింది. ఈ కొత్త హాకిమ్‌లు తామే బొమ్మలుగా తయారై వస్తున్నారు. జుట్టు, మాట, నడక, అన్నీ ముందే తమాషా. వాళ్లను వెక్కిరించాలంటే రబ్బరు చాలదు.

మరి చూడాలా వద్దా? నా ఫైసలా ఇది. చిన్నపిల్లలున్న ఇంట్లో హాల్లో పెట్టి చూసేది కాదు. బూతు, ఒంటి మీద మజాఖ్ మీకు పడకపోతే మొదటి ఎపిసోడ్‌లోనే ఆపేయండి, నష్టం లేదు. చాలా ముక్కలు ఇవాళ నవ్వు తెప్పించవు, ఊరికే అరుపులు. రాజకీయాలు, అఖ్బార్లు ఇష్టమున్నవాళ్లు, కాలేజీలో జర్నలిజం చదివే మన అబ్బాయిలు అమ్మాయిలు, కార్టూన్లు గీసేవాళ్లు మాత్రం మొదటి మూడు నాలుగు సిరీస్‌లు వరసగా చూడాలి. ఆ ముఖాలు మలిచిన చేతుల హునర్ కోసమైనా చూడాలి. నురగ రబ్బరు ఎక్కువకాలం నిలవదు. ఏళ్లు గడిచేకొద్దీ పగిలి పొడి అవుతుంది. రోజర్ లా తన దగ్గర మిగిలిన కాగితాలు, బొమ్మల సామగ్రి 2018లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చాడు. బొమ్మలు పోయినా డిస్కుల్లో వాటి కదలిక ఉంది.

పెద్దపిల్లలతో కలిసి చూస్తే మాత్రం ఖామోష్‌గా చూడకండి. నవ్వొచ్చిన ప్రతిచోటా ఆపి అడగండి: బేటా, ఇప్పుడు మనం ఎవరిని చూసి నవ్వాం? అతను చేసిన పనిని చూసా, అతని ముఖాన్ని చూసా? ఈ నవ్వు పేలితే రేపు దెబ్బ ఎవరికి తగులుతుంది? కూరగాయల సీనుకి ఒక జవాబ్ వస్తుంది, తలపాగా సీనుకి ఇంకో జవాబ్ వస్తుంది. ఆ రెండు జవాబుల మధ్య తేడా మీ పిల్లలు తమంతట తాము చెప్పగలిగితే, రేపు వాళ్ల ఫోన్‌కి వచ్చే మీమ్‌ని ముందుకు పంపాలో ఆపాలో మీరు చెప్పక్కర్లేదు.

డిస్కులు నా దగ్గరే ఉన్నాయి. ఆ ప్లేయర్ ఉన్న దోస్తులెవరైనా అడిగితే ఇస్తాను, తిరిగి ఇవ్వాలన్న షర్త్ మీద. ఖుదా హాఫిజ్.